మా దాది ఫోటోలు: తిరునాళ్ల తెర ముందు నుంచి గోడ మీద ఫ్రేము దాకా

పోస్ట్ కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. రాసేది ఒక చెయ్యే గానీ ఇందులో మాట మా ముగ్గురిదీ, అంటే ఇద్దరు అక్కచెల్లెళ్లం, ఒక తమ్ముడు. మా లంబాడీల్లో నాయనమ్మని దాది అంటాం, తాతని దాదా అంటాం. ఇంట్లో యాడి, బా అని పిలుచుకున్నా, ఈ గ్రూపులో ఎరుకల, యానాది, చెంచు, కోయ తమ్ముళ్లు చెల్లెళ్లు అందరూ ఉన్నారు కాబట్టి అమ్మ, నాన్న అనే రాస్తున్నాం.

మాది జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఒక తండా. ఇంట్లో గోడ మీద దాది ఫోటో ఒకటుంది, పూలదండతో, చిన్న ఎర్ర బల్బుతో. లేత నీలం వెనకాల, ఆకుపచ్చ చీర, నున్నటి మొహం. చుట్టాలొచ్చినప్పుడు బాగుందంటారు. మాకు మాత్రం ఆ ఫోటో చూసినప్పుడల్లా, ఈవిడ ఎవరో గానీ మా దాది కాదు అనిపిస్తుంది. అలా అనిపించడానికి కారణం మేమే. ఆ సంగతికి తర్వాత వస్తాం.

దాది పోయి రెండేళ్లయింది. మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పాలిథిన్ కవర్లో కాయితాలు దొరికాయి. పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్ జిరాక్స్, అమ్మానాన్నల పెళ్లి ఫోటో ఒకటి, ఇంకా అరచేయంత నలుపు తెలుపు ఫోటో ఒకటి. ఒక మనిషి బతుకు మొత్తానికి మిగిలిన బొమ్మలు ఇవే. వాటిని మంచం మీద వరసగా పేర్చి, ఏది ముందు, ఏది వెనక అని లెక్క కట్టడం మొదలుపెట్టాం. డిగ్రీలో చరిత్ర పేపర్ ఉంది కదా, అదేదో ఇంట్లో ఎందుకు చెయ్యకూడదు అని.

చిన్న ఫోటో పెనుగంచిప్రోలు తిరునాళ్లలో తీసింది. మన మెట్టలో తిరపతమ్మ తిరునాళ్ల అంటే తెలియనివాళ్లు ఉండరు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మునేటి ఒడ్డున జనం, ప్రభలు, బండ్లు, రంగుల రాట్నాలు. అప్పట్లో అక్కడ ఫోటో స్టాళ్లు వేసేవాళ్లట. వెనక తెర మీద విమానం బొమ్మ, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. ఆ తెర ముందు దాదా కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు, చేతికి వాచీ. వాచీ స్టాల్ వాడిదే, ఫోటో అయ్యాక తిరిగి తీసుకునేవాడని నాన్న చెప్పాడు. దాది పక్కన నిలబడింది, చంకలో ఏడుపు మొహంతో ఒక పిల్లాడు. ఆ పిల్లాడు మా నాన్న.

ఫోటో వెనక ఏమీ రాసిలేదు. మరి ఏడాది ఎలా తెలిసింది? నాన్న ‘ఉప్పెన ఏడు’ పుట్టాడు. 1977 నవంబర్ 19న ఉప్పెన ముంచింది దివిసీమని, మాది మెట్ట, సముద్రానికి చాలా దూరం. అయినా జిల్లా మొత్తం వయసులు దాంతోనే లెక్క. ఉప్పెనకి ముందు పుట్టినోళ్లు, తర్వాత పుట్టినోళ్లు. ఫోటోలో పిల్లాడికి ఏడాది దాటి ఉంటుంది, మెడ నిలిపి కెమెరా వైపు కోపంగా చూస్తున్నాడు. అంటే 1979 తిరునాళ్ల. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు, అంతకంటే కాదు.

ఆ ఫోటోలో దాది ఒంటి మీద ఉన్నవన్నీ భూతద్దం పెట్టినట్టు ఫోన్లో జూమ్ చేసి చూశాం. అద్దాల పేట్యా, కాంచళి, తల మీద టుక్రి. మోచేతి పైదాకా గాజులు. చెంపల పక్కన వేలాడే ఘూగరి. నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు. కాంచళి అంచుకి పాత పావలా బిళ్లలు కుట్టుకున్నట్టుంది, ఫోటోలో తెల్లటి చుక్కల్లా మెరుస్తున్నాయి. ఆ బట్టలు కొన్నవి కావు. ఒక పేట్యా కుట్టడానికి ఎండాకాలం మొత్తం పట్టేదని దాదే చెప్పేది. గవ్వలు, అద్దాలు, దారాలు, అన్నీ పోగేసుకుని, కూలికెళ్లి వచ్చాక సాయంత్రం వెలుతురు ఉన్నంతసేపు కుట్టేది.

ఘూగరి మా వాళ్లలో ముత్తైదువ గుర్తు. భర్త పోతే తీసేస్తారు. తర్వాతి ఫోటో ఓటరు కార్డుది, అందులో ఘూగరి లేదు. దాదా పోయింది రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన ఏడు, అంటే 1983. నాన్నకి అప్పుడు ఆరేళ్లు. ఇంకో దాదా ఫోటో మా ఇంట్లో లేదు. నాన్నకి వాళ్ల నాన్న మొహం తెలిసింది ఈ అరచేయంత అట్టముక్కతోనే. ఈ మాట నాన్న చాలా మామూలుగా అన్నాడు, బీడీ ముట్టించుకుంటూ. మేం ముగ్గురం మాత్రం కాసేపు మాట్లాడలేదు.

అసలు మేం ఈ మెట్టకి ఎలా వచ్చాం అని దాదిని అడిగితే, ‘ఎద్దుల వెనక నడిచొచ్చాం’ అనేది. చిన్నప్పుడు అదేదో కథ అనుకున్నాం. కాదు. బందరు నుంచి బెజవాడ, నందిగామ, జగ్గయ్యపేట మీదుగా హైదరాబాదు పోయే దారి, ఇవాళ మనం 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నది, అటు పైనుంచి పత్తీ ధాన్యం దిగొచ్చిన దారి, ఇటు సముద్రం నుంచి ఉప్పు ఎక్కిన దారి. బండ్లు నడవని చోట ఎద్దుల వీపు మీద గోనెలు వేసుకుని నడిపింది లంబాడీలే. దాన్నే మా పెద్దవాళ్లు లదేణి అంటారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తరాదిలో ఎదురైన ఒకే తండాలో 14,000 ఎద్దులు ఉన్నాయని రాసుకున్నాడు. మొఘలుల సైన్యాలకీ, తర్వాత కంపెనీ సైన్యాలకీ గింజలు మోసింది మనవాళ్లే. 1799లో టిప్పు మీద యుద్ధానికి, 1803లో మరాఠాల మీద యుద్ధానికి వెల్లెస్లీ మా ఎద్దుల కోసం ఎదురు చూశాడు. గింజలు రాకపోతే సైన్యం కదలదు కదా.

తర్వాత రైలొచ్చింది. నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది. మా తండా నుంచి చూస్తే ఆ పట్టాలు ఎంతో దూరం కాదు, మధిర, ఎర్రుపాలెం, కొండపల్లి మీదుగా పోతాయి. ఎద్దు నెల రోజులు మోసేది రైలు ఒక్క రోజులో మోసింది. ఉప్పు మోసేవాళ్లు పశువులు కాసేవాళ్లయ్యారు, పశువులు కాసేవాళ్లు కట్టెలు కొట్టేవాళ్లయ్యారు, తర్వాత కూలి. దాది చిన్నతనంలో సాగర్ ఎడమ కాలవ, లాల్ బహదూర్ కాలవ అంటారే, దాని పనిలో మట్టి తట్టలు మోసింది. మోసే పని మాత్రం పోలేదు, మోసేది మారింది. కాలవ నీళ్లు వేరేవాళ్ల పొలాలకి పారాయి. మాకు ఎకరం మెట్ట, వాన మీద పత్తి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. దాదా చెల్లెల్ని పాలేరు అవతల, కోదాడ వైపు ఇచ్చారు. ఒకే తల్లి పిల్లలు. ఒకే భాష, ఒకే పేట్యా, ఒకే సేవాభాయా. కానీ ఆంధ్రలో సుగాలీలు, లంబాడీలు 1956 నుంచే ఎస్టీ జాబితాలో ఉంటే, తెలంగాణ లంబాడీలు 1976 చట్టంతో గానీ జాబితాలోకి రాలేదు, అది అమలైంది 1977లో. అంటే ఇరవై ఏళ్ల పాటు గరికపాడు దాటితే గిరిజనులు కాదు, ఇవతలికొస్తే గిరిజనులు. అన్న గిరిజనుడు, చెల్లెలు కాదు! ఇది తెలిశాక మాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఎరుకల, యానాదులకీ తెలంగాణలో ఇదే జరిగింది. ఇప్పటికీ ‘మీరు అసలైన గిరిజనులేనా’ అని క్లాసులో అడిగేవాళ్లుంటారు. ఆ అడిగేవాళ్లకి ఈ గీతల సంగతి తెలియదు.

ఫోటోల దగ్గరికి వద్దాం. మా దాది పుట్టక చాలా ముందే మనవాళ్లని ఫోటోలు తీసిన వాళ్లున్నారు. ఎడ్గార్ థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్, 1885 నుంచి ఇరవై ఏళ్లకి పైగా ఆ పదవిలో ఉన్నాడు. 1909లో ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ అని ఏడు సంపుటాలు వేశాడు, రంగాచారి అనే ఆయన సాయంతో. లంబాడీల గురించి నాలుగో సంపుటంలో ఉంటుంది, ఇప్పుడు ఫోన్లోనే చదువుకోవచ్చు. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. ఆ పుస్తకంలో చాలా ఫోటోల కింద మనిషి పేరుండదు, తెగ పేరుంటుంది. ఆ ఫోటోల్లో వాళ్లు ఎవరి దాదీలో, ఎవరి దాదాలో, అడగడానికి దారే లేదు.

మా హాస్టల్లో ఎరుకల తమ్ముడు ఒకడున్నాడు. ఈ పుస్తకం చూపిస్తే వాడన్నాడు, ‘మా ముత్తాతకి ఫోటో లేదన్నా, వేలిముద్ర ఉండే ఉంటుంది.’ ఊరికే అన్న మాట కాదది. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. జాబితాకెక్కిన కులంలో పుడితే చాలు, ఏ నేరం చెయ్యకపోయినా వేలిముద్రలు వెయ్యాలి, హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు కదలకూడదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మా తిరునాళ్ల ఫోటో విలువ వాడి మాటతోనే మాకు అర్థమైంది. అందులో దాదా, దాది తమంతట తాము వెళ్లి, డబ్బులిచ్చి, కూర్చుని దిగారు. కొలవడానికి కాదు, గుర్తు పట్టడానికి కాదు. సరదాకి!

థర్‌స్టన్ పనిచేసిన ఆ మద్రాసు మ్యూజియంలోనే మన జగ్గయ్యపేట రాళ్లున్నాయి, ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు మీద బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. చక్రవర్తి చెయ్యెత్తితే నాణేలు వాన కురిసే శిల్పం అక్కడిదే. అది ఇప్పుడు చెన్నైలో ఉంది, మన దగ్గర గుట్ట మిగిలింది. ఆ స్తూపం దగ్గరే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట వేసిన శాసనం దొరికింది. సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు ఇచ్చాడని, తన తండ్రి పేరుతో సహా చెక్కించుకున్నాడు. పదిహేడు వందల ఏళ్ల కిందటి పనివాడి పేరు ఇవాళ్టికీ చదవొచ్చు. మా దాది పేరు చూడండి మరి. ఓటరు కార్డులో పేరు చివర ‘బాయి’, రేషన్ కార్డులో ‘అమ్మ’, ఆధార్‌లో ‘దేవి’. ఒకే మనిషికి మూడు పేర్లు. మూడింట్లో ఏదీ ఇంట్లో పిలిచింది కాదు.

కార్డుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, మీ ఇళ్లలోనూ అవే. ఫోటో ఓటరు కార్డులు 1993లో శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు మొదలయ్యాయి. దానిలో దాది బెదిరిపోయి చూస్తుంది. రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాదీ ఒకే ఫోటోలో ఇరుక్కున్నాం, దాది చివరన, టుక్రి అంచు ఫ్రేములోంచి తెగిపోయింది. పెళ్లి ఫోటోలోనూ అంచునే. దేశంలో మొదటి ఆధార్ 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లా టెంభ్లీలో ఒక గిరిజన మహిళకే ఇచ్చారు, అది మాకు కొంచెం సంబరంగా అనిపించిన సంగతి. దాది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1, 1950. మా తండాలో ముసలివాళ్లందరూ జనవరి ఒకటినే పుట్టారు. కాలవ మట్టి మోసినప్పుడు పెళ్లి కాలేదని తనే చెప్పింది కాబట్టి ఇంకో ఐదేళ్లు చిన్నదయ్యుంటుందని మా లెక్క. వేలిముద్ర మాత్రం మిషన్ తీసుకోలేదు, పత్తి తీసి తీసి వేళ్లు అరిగిపోయాయి.

ఇక ఆకుపచ్చ చీర సంగతి.

2016లో మేం అక్కచెల్లెళ్లం ఇద్దరం ఒకే హాస్టల్. పెద్దది తొమ్మిది, రెండోది ఏడు. తల్లిదండ్రులందరూ రావాల్సిన రోజు ఒకటి వచ్చింది. అమ్మానాన్న మిరపకాయ కోతలకి పోయారు, వచ్చేది దాదే. అప్పటికే హాస్టల్లో మమ్మల్ని ‘అద్దాల బట్టలోళ్లు’ అని వెక్కిరించేవాళ్లు కొందరు. మేం ఇంటికి కబురు పెట్టాం. దాదిని చీర కట్టుకుని రమ్మన్నాం. అలా రాకపోతే అసలు రావద్దన్నాం. ఈ రెండో ముక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాం.

వచ్చింది. అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని, షేర్ ఆటోలో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చీర కట్టింది అరవై ఏళ్ల వయసులో. కుచ్చిళ్లు జారిపోతాయేమోనని చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఒక చెయ్యి నడుము దగ్గరే పెట్టుకుని నడిచింది. పేట్యా నడుముకి ఎప్పుడూ ఒక సంచి వేలాడేది, తమలపాకులు, పొగాకు, డబ్బులు అందులోనే. చీరకి సంచి లేదు. కొంగున ముడెయ్యడం తెలీదు. ఇరవై రూపాయల నోటు పొద్దున్నుంచి గుప్పిట్లోనే పట్టుకుంది, పోయేటప్పుడు మా చేతిలో పెడితే తడిసి మెత్తగా అయిపోయింది. చేతులకి గాజుల్లేవు, గాజులుండే చోట చర్మం తెల్లగా ఉంది. అందరి ముందూ మాతో మా భాష మాట్లాడలేదు. వచ్చీరాని తెలుగులో ‘బాగా చదవాలె’ అంది. అది కూడా మేం చెప్పలేదు, తనకే అర్థమైంది. మా సీనియర్ ఒకామె ఫోన్లో ఫోటో తీసింది. దాది మా ఇద్దరి మధ్యలో నిలబడి ఉంది.

తను పోయాక పెద్దకర్మకి ఫ్రేము కావాలన్నారు. కార్డుల్లో ఫోటోలు మసక, తిరునాళ్ల ఫోటో ఉన్న సంగతి అప్పటికి మాకు తెలియదు. ఉన్నదల్లా హాస్టల్ ఫోటో. మమ్మల్ని ఇద్దరినీ పక్కల నుంచి కత్తిరించి స్టూడియోలో ఇచ్చాం. వాళ్లు వెనకాల నీలం వేశారు, మొహం నున్నగా చేశారు. నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు మచ్చలనుకున్నారో ఏమో, తుడిచేశారు. పచ్చబొట్టు చనిపోయినా వెంట వస్తుందని మా పెద్దవాళ్ల నమ్మకం. సొమ్ములు తీసేసుకోవచ్చు, బట్టలు తీసేసుకోవచ్చు, అది మాత్రం ఎవరూ తియ్యలేరని. మా దాదికి అది కూడా తీసేశారు. ఫ్రేము తీసుకున్నప్పుడు మేం చూసుకోలేదు కూడా, అదీ మా తప్పే.

తిరునాళ్ల ఫోటో దొరికిన రోజే ఫ్రేము మార్చేద్దామని మేం నిర్ణయించేశాం. దాన్ని స్కాన్ చేయించి, పెద్దది చేయించి, పేట్యా కాంచళితో ఉన్న అసలు దాదిని గోడ మీద పెట్టాలని. నాన్నకి చెప్పాం. హాస్టల్ రోజు సంగతి కూడా చెప్పాం, రెండో ముక్కతో సహా. నాన్న చాలాసేపు ఏం అనలేదు. తర్వాత అన్నాడు, ‘ఆ చీర కట్టుకుంది మీకోసం. వచ్చాక వారం రోజులు తండా మొత్తం చెప్పుకుంది, హాస్టల్ చూసొచ్చానని. అది దించొద్దు. ఇది కూడా పెట్టండి పక్కన.’

వారం రోజులు చెప్పుకున్న సంగతి మాకు అప్పటిదాకా తెలియదు.

పక్కనే పెట్టాం. స్కాన్ చేసినతన్ని పచ్చబొట్లు, గీతలు, మరకలు ఏవీ ముట్టుకోవద్దని పక్కన కూర్చుని మరీ చేయించాం. ఫోటో కుడి మూల చెద తిన్న ముక్క అలాగే ఉంది. అమ్మ మాత్రం ‘మీ దాది మొహం కంటే విమానమే బాగా కనపడుతుంది’ అంది, నిజమే. అసలు ఫోటో వెనక పెన్సిల్‌తో పెనుగంచిప్రోలు తిరునాళ్ల, 1979 అని, ముగ్గురి పేర్లూ రాశాం. దాది పేరు ఇంట్లో పిలిచినట్టే.

గ్రూపులో ఒక సాయం. కోదాడ, మునగాల, హుజూర్‌నగర్ వైపు తండాల వాళ్లు ఎవరైనా ఇది చదివితే, మీ ఇళ్లలో పాత పెట్టెలు ఒకసారి చూడండి. అదే రోజు అదే తెర ముందు దాది, దాదా చెల్లెలు ఇద్దరే కలిసి ఇంకో ఫోటో దిగారట, అది ఆమె అత్తారింటికి పట్టుకుపోయిందట. ఆ ఇంటివాళ్లు ఆ తండాలో ఇప్పుడు లేరు, హైదరాబాదు పోయారంటున్నారు. వెనక తెర మీద రెండు రెక్కల విమానం, తోక మీద ఏదో అంకె, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. ఇద్దరూ పేట్యాల్లో ఉంటారు. దొరికితే కామెంట్లో పెట్టండి, మేం చూస్తుంటాం.